నల్లమద్ది పట్టు

జీడిపిక్కలు తూచే కాటా మీద
ముందు దాన్నే పెట్టాను.
ఆరువందల పది గ్రాములు.
ఒర కాకుండా.

కొరియర్ కుర్రాడు సంతకం పెట్టించుకుంటూ
"ఏటి బావూ, ఇనుమా?" అన్నాడు.
కత్తి అనలేదు నేను.
ఆ మాటకి గుణుపురం బజారులో వేరే అర్థాలుంటాయి.

మడత లేదు, కీలు లేదు,
మొనకాణ్ణించి పిడి చివరిదాకా ఒకటే ఉక్కు.
మూడు రూపాయి బిళ్ళలు పేర్చినంత వెన్ను.
అడవిలో దారి తప్పినవాడు
దీనొక్కదానితో గుడిసె వేసుకుంటాడట,
నిప్పు పుట్టించుకుంటాడట.
దారి తప్పే తీరిక నాకెప్పుడూ దొరకలేదు.
పొద్దున్న ఏడుకి కొట్టు, రాత్రి తొమ్మిదికి షట్టరు.

ఆదివారం చర్చి వదిలాక
తెల్ల చొక్కా ఇస్త్రీ నలక్కుండానే
ఎలియాజర్ రయితా వచ్చాడు.
మా కొట్లో బస్తాలెత్తుతాడు, ఊరు కొండమీద.
చెప్పులు చేత్తో పట్టుకుని
వంశధార ఇసక దాటాం,
జీడితోటలు దాటి, గెడ్డ వెంట పైకి.

మొదట వెదురు. ఏటవాలుగా ఒక్క వేటు.
తెగిన చప్పుడు నాకంటే ముందు కొండకి వినబడింది.
తర్వాత ఒక ఎండు పుల్లని
ఈకలు లేచేలా చెక్కాను,
కత్తి వెన్నుతో నిప్పుకడ్డీ గీకాను.
పద్నాలుగోసారికి అంటుకుంది.
పదమూడు సార్లూ ఎలియాజర్ మర్యాదగా చూశాడు,
జేబులో అగ్గిపెట్టె మీద చెయ్యేసుకుని.

రేకు డబ్బాలో టీ కాచుకున్నాం.
పాలు లేవు. పొగ వాసన. బాగుంది.
అక్కడితో ఆగాల్సింది.

మొన్నటి గాలివానకి విరిగిపడ్డ
నల్లమద్ది కొమ్మ, తొడంత లావు.
నిలబెట్టి, నడినెత్తిన కత్తి ఆనించి
దుడ్డుకర్రతో వెన్ను మీద మోదాలి.
అలా చీలడం చాలా రాత్రులు చూశాను,
దీపం ఆర్పుకుని, ఫోన్లో.

మొదటి దెబ్బకి బెరడు.
రెండో దెబ్బకి తెల్లకర్ర.
మూడోదానికి ముడి.
అంతే,
ముందుకి పోదు, వెనక్కి రాదు.
ఊపాను, కాలేసి తొక్కాను,
మజ్జిగౌరమ్మకి కొబ్బరికాయ మొక్కాను.
చెయ్యి జారి బొటనవేలు చీరుకుంది.
కోసింది ఉక్కు కాదు, బెరడు.

ఎలియాజర్ చుట్టూ ఒకసారి తిరిగి
చెవి ఆనించి కొమ్మని తట్టాడు,
పనసకాయ పండిందో లేదో చూసేవాడిలా.
"పచ్చిది బావూ. నువ్వు గుంజితే అదీ గుంజుతాది.
ఎండనీ. అదే ఒగ్గెస్తాది."

వదిలి ఎలా రాను,
నెల జీతంలో మూడోవంతు!
అలాగే ఎత్తాం, పిడి పైకి పొడుచుకునుండగా,
చెరో కొస భుజానేసుకుని.
అడ్డాకుల మోపులతో ఎదురైన ఆడవాళ్ళు
ముందు పక్కకి తప్పుకున్నారు,
తర్వాత వాళ్ళ మాటలో ఏదో అని విరగబడి నవ్వారు.
ఎలియాజర్ అది నాకు తెలుగు చెయ్యలేదు.

రేవు దగ్గర ఫారెస్టు గార్డు ఒడియాలో ఆరా తీశాడు:
నరికిందా, పడిందా?
పడిందేనన్నాను.
మరి ఇది? అని పిడి చూపించాడు.
ఇదీ పడిందే.

జ్యేష్ఠమాసం ఎండల్లో పెరటి గోడవారన పడేశాను.
రోజూ లాగి చూసేవాణ్ణి,
తర్వాత మూణ్ణాళ్ళకోసారి,
తర్వాత మర్చిపోయాను.
హైమ ఆ పిడికి మసిగుడ్డ ఆరేసుకునేది.

ఒక అర్ధరాత్రి ఠంగుమంది.
పిల్లి, అంది హైమ.
టార్చి వేసి చూస్తే
కొమ్మ నిలువునా నోరు తెరిచి ఉంది.
కత్తి గచ్చు మీద పడుంది,
ఎవరో వాడుకుని తిరిగిచ్చినట్టు.
రేకు మీద, కర్ర పట్టుకున్నంత మేర
నల్లటి చార, ఈనెలతో సహా.
నిమ్మచెక్కతో తోమినా పోలేదు.

మర్నాడు మళ్ళీ కాటా మీద పెట్టాను.
అదే ఆరువందల పది.
ఎలియాజర్ రెండు చెక్కలూ పొయ్యిలోకని
సైకిలుకి కట్టుకుంటున్నాడు.
ఆగు, వీటినీ తూద్దాం అన్నాను.
తాడు బిగిస్తూనే అన్నాడు:
"మోసీసినాం కదా బావూ,
ఇంక తూకమేటి."